ఎండిన గుంతల లెక్క

ఎర్రిస్వామి దాన్ని తువాలలో చుట్టుకొచ్చినాడు
అనంతపురం కమలానగర్‌లో మా అంగడికి.
పద్నాలుగేండ్లు బోరు బండి తిప్పిన మనిషి.
"పెడితే గుర్తు పట్టల్యా మేడం,
నిన్నటిదాకా బాగుండె."
అందరూ నిన్నటిదాకా అనే అంటారు.

హార్డ్ డిస్కుని చెవికి ఆనించుకున్నాను.
టక్. టక్. టక్.
ఆగిపోయింది.
నాకంటే ముందు ఆయనే అన్నాడు:
"బిట్టు బండకు తగులుకుండాది."

కేబుల్ మార్చి చూశాను, లాభం లేదు.
కింది బోర్డు మీద కందిగింజంత కాలిన మచ్చ.
గుత్తి రోడ్డు పాత సామాన్ల కొట్లో
అదే కంపెనీది, అదే ఏడుది, ఇంకో చచ్చిన డిస్కు దొరికింది.
దాని బోర్డు దీనికి తొడిగి,
దీని ఎనిమిది కాళ్ళ చిప్పు ఊడదీసి దానికి అతికి,
ఊపిరి బిగబట్టి స్విచ్ వేశాను.

తిరిగింది.

రెండు రాత్రులు కాపీ.
కరెంటు పోతుందేమోనని యూపీఎస్ పక్కనే పడుకున్నాను.
ఒక్కోచోట గంటసేపు కదలదు,
మళ్ళీ ఇంత బొటబొటా కారుతుంది.

బాకీల చిట్టా కోసం వచ్చాడనుకున్నాను.
తెరిస్తే అన్నీ గుంతలే.
కూడేరు, నాలుగొందల పది, దుమ్ము.
ఉరవకొండ, ఆరొందల ఇరవై, దుమ్ము.
బెళుగుప్ప, ఏడొందల ఐదు, తడి మట్టి, అంతే.
కణేకల్లు, మూడొందల ఎనభై, రెండించులు.
ఆ రెండించుల కాడ
ఎవరో సంబరంగా మూడు చుక్కలు పెట్టినారు.
తక్కిందంతా దుమ్ము, దుమ్ము, దుమ్ము.

"ఇదా మీకు కావాల్సింది?"

ఆయన మెట్టు మీద కూర్చున్న లింగమ్మ దిక్కు చూశాడు.
"మా చేన్లో మూడుతూర్లు ఏసినారు," అందామె,
"నాలుగోది యాడ ఏయగూడదో తెలియల్ల గదమ్మా.
నీళ్ళుండే చోటు చెప్పేటోళ్ళు ఊరినిండా ఉండారు."

వెతికాను.
మొదటిది ఉంది. మూడోది ఉంది.
రెండోది పాడైన చోట పడింది,
పేరు మిగిలింది, ఎదురుగా గడి ఖాళీ.
ఇంకో రాత్రి గోకినా రాలేదు.

చెప్పడానికి నాకే సిగ్గేసింది.
లింగమ్మ నవ్వింది.
"అది నాకు గుర్తుందిలే.
తుమ్మచెట్టుకు పడమర పన్నెండు అడుగులు.
మేకపిల్ల పడింటే
మా ఆయన బండ దొర్లించి మూసినాడు.
ఐదొందల అరవై. అప్పుకు తెచ్చిన దుడ్లు,
అడుగుకింత అని కట్టినా, మర్చిపోతానా?"

ఖాళీ గడిలో
ఐదు, ఆరు, సున్నా కొట్టి
పక్కన దుమ్ము అని రాయబోతే
ఆమె ఆపింది:
"మేకపిల్ల సంగతి గూడా రాయి."