ఎండకు కిస్తీ

చొక్కా జేబు మీద సూర్యుడి బొమ్మతో వచ్చాడు యాదియెల్.
హయూయా కొండెక్కిన ఆయాసం ఇంకా తీరనే లేదు,
చేతిలో టాబ్లెట్ తెరిచి
ఆకాశంలోంచి మా మిద్దెను చూపించాడు.
నీళ్ళ ట్యాంకు, తీగ మీద అన్సెల్మో పైజమా,
పగిలిన ప్లాస్టిక్ కుర్చీ.
ఇంత చిన్నదా నా ఇల్లు!

"దోన్యా నెరెయిదా, ఇవాళ ఒక్క సెంటు కట్టక్కర్లేదు.
పలకలు మావి, బ్యాటరీలు మావి, రిపేరు మాది.
నెలకు నూట నలభై. ఇరవై ఐదేళ్ళు.
ఏడాదికి నూటికి మూడు పెరుగుతుంది, అంతే."

అంతే అనే మాటంటే నాకు మొదట్నుంచీ భయం.
నాకిప్పుడు అరవై మూడు.
దానికి ఇరవై ఐదు కలిపిన వయసును
మా వైపు ఎవరూ చూడలేదు.
నేను పోతే ఈ కాగితం ఏమవుతుందని అడిగాను.
ఇంటితో పాటు పిల్లలకు దిగుతుందన్నాడు,
అన్సెల్మోకు వాళ్ళమ్మ నుంచి చక్కెర జబ్బు దిగినట్టు.

కరెంటు లేకుండా ఉండలేమా అంటే, ఉన్నాం.
తుఫాను పోయాక నూట పద్దెనిమిది రోజులు
ఇన్సులిన్ సీసాలు తడిగుడ్డలో చుట్టి కుండలో పెట్టి
ఆ కుండను వాగు రాళ్ళ మధ్య దాచాను.
రాత్రి వాన చప్పుడైతే చాలు,
కుండ కొట్టుకుపోయిందేమోనని పరుగు.
మళ్ళీ ఉండలేను.

పట్నంలో సహకార సంఘం హైదే వేరే లెక్క చెప్పింది.
పన్నెండు పలకలు, రెండు బ్యాటరీలు, ఇరవై నాలుగు వేలు.
అప్పిస్తాం, పదిహేనేళ్ళు, నెలకు రెండు వందల పదహారు.
ఆ రాత్రి కత్తిరింపుల బల్ల మీదే
గుడ్డకు గీతలు గీసే సుద్దతో కూడికలు వేశాను.
అద్దె ఆఖరి ఏటికి రెండు వందల ఎనభై నాలుగవుతుంది.
అన్సెల్మో కళ్ళద్దాలు తుడుచుకుని అన్నాడు:
"మనదైతే చెడిపోయినా మనదే.
పదేళ్ళకు బ్యాటరీ చస్తే ఎవరొస్తారు?
మిద్దెక్కి కడగడానికి నీ మోకాళ్ళు ఒప్పుకుంటాయా?"
ఒప్పుకోవు. ఆ మాట నిజం.

కానీ నాకు పోన్సే గుర్తొచ్చింది.
అప్పుడు కుట్టుమిషను అద్దెకు తెచ్చుకున్నాను,
వారానికి ఎనిమిది డాలర్లు, ఐదేళ్ళు కట్టాను.
ఫ్యాక్టరీ మూతపడి మూడు వారాలు తప్పేసరికి
కంపెనీ మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.
సూది కింద ఎవరి పాపదో తెల్ల గౌను, సగం చెయ్యి కుట్టి ఉంది.
పాదం పైకెత్తి, గౌను తీసి నా చేతికిచ్చాడు.
మర్యాదస్తుడే.
మిషను భుజానికెత్తుకుని వెళ్ళాడు.
దారం మాత్రం తెంచలేదు.
నా చేతిలోని గౌను నుంచి, గుమ్మం దాటి, మెట్లు దిగి,
వీధి మలుపు దాకా అది సాగుతూనే ఉంది.

అందుకని సగం కొన్నాను.
ఆరు పలకలు, ఒక్క బ్యాటరీ, నెలకు నూట పదిహేడు.
ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు, నా మిషను.
ఏసీ లేదు. బట్టలుతికే యంత్రం ఎండ కాసిన రోజునే.
అన్సెల్మో ఇంకా గొణుగుతున్నాడు,
గొణుగుతూనే పొడుగు కర్రకు స్పాంజి కడుతున్నాడు.
సరైన పనే చేశానా? పదో ఏట బ్యాటరీని అడగాలి.

జవాబు కోసం యాదియెల్ మళ్ళీ వచ్చాడు.
వద్దు బాబూ అంటే నేలచూపులు చూశాడు.
అప్పుడు కనబడింది,
వాడి జేబు మీద సూర్యుడు ఒక అంచున ఊడి వేలాడుతున్నాడు.
చొక్కా విప్పమని మిషను ముందు కూర్చున్నాను.
కరెంటు పోయి ఊరంతా గంటయింది, నా సూది కదిలింది.
డబ్బు తియ్యబోతే వద్దన్నాను.
"చొక్కా నాది కాదు దోన్యా, కంపెనీది.
ఉద్యోగం మానితే ఉతికి తిరిగిచ్చెయ్యాలి."

అయినా గట్టిగానే కుట్టాను,
రెండు వరసలు.