సగం వాటా

రాత్రంతా గాలి.
తెల్లారేసరికి నల్లపాడు రోడ్డు మీద
నిద్రగన్నేరు పక్కకి తిరిగి పడుకుంది,
కరెంటు తీగల్ని దుప్పటిలా లాక్కుని.

మున్సిపాలిటీ వాళ్లొచ్చి మొదలు కోసి
లారీకెత్తుకున్నారు.
కొమ్మలూ, లారీలో పట్టని పంగ ఒకటీ
కాలవ గట్టుకి నెట్టేసి
"ఎవరిక్కావాలంటే వాళ్లు" అన్నాడు మేస్త్రి,
బీడీ వెలిగించుకుంటూ.

నాకు గొడ్డలుంది. నాగూర్బీకి తోపుడుబండి ఉంది.
సగం సగం అనుకున్నాం.
ఆమె ఇడ్లీపాత్ర నాలుగింటికే పొయ్యెక్కాలి.
నాకేమో,
"గ్యాసుండగా ఈ వయసులో నీకెందుకయ్యా"
అని మా ఆవిడ అడిగితే
నీళ్లపొయ్యికన్నాను.
పూర్తి నిజం కాదది.

ప్రత్తిపాడు పొగాకు బ్యారన్ల దగ్గర
పదకొండు సీజన్లు నిప్పుకి కాపలా ఉన్నవాణ్ణి.
తుమ్మ తెల్లార్లూ నిలబడుద్ది,
వేప చేదుగా దగ్గుద్ది,
కొబ్బరిమట్ట కొత్తల్లుడిలా ఎగిరెగిరి ఆరిపోద్ది.
చీకట్లో వాసన పట్టి చెప్పేవాణ్ణి
పొయ్యిలో ఏముందో.
నిద్రగన్నేరు సంగతి మాత్రం నన్నెవరూ అడగలేదు.

గొడ్డలి కామ వదులైతే బకెట్లో నానేశాను.
మర్నాటికి ఉబ్బి బిగిసింది.
రంపానికి ఇటు నేను, అటు నాగూర్బీ కొడుకు జానీబాషా,
ఇంటర్ ఫస్టియరు.
జేబులో ఫోను మోగినప్పుడల్లా లయ తప్పేవాడు.
"తొయ్యకురా. లాగు చాలు.
నీ వంతు అయ్యాక వదిలెయ్."
మధ్యాహ్నానికి పట్టుబడింది వాడికి.
మోకాళ్ల మీద పొట్టు, కనుబొమల మీద పొట్టు,
ఫోను సంగతి మర్చిపోయాడు.

దీని నార అడ్డదిడ్డం.
నడిమధ్యన కొడితే గొడ్డల్ని కరిచి పట్టుకుంటుంది.
అంచుల నుంచి వలుచుకుంటూ రావాలి,
అలిగిన మనిషిని మాట్లాడించినట్టు,
కాస్త ఇటు, కాస్త అటు.
లోపల చేవ ముదురు బెల్లప్పాకం రంగు.
ఇన్నేళ్లు దీని నీడన బస్సు కోసం నిలబడ్డా
ఆ రంగు నాకు తెలీదు.

పంగ దగ్గర ఖంగుమంది.
మొల.
నాలుగంగుళాల లోపల,
చుట్టూ చెక్క సిరా ఒలికినట్టు నల్లగా.
"మా ఆయన టార్పాలిను కట్టినప్పటిదేమో" అంది నాగూర్బీ.
అంతలో తనే,
"కాదులే, దీనికి మొల కొట్టందెవరు?
ఎలక్షనోళ్లు, ట్యూషనోళ్లు,
ఆ మొలల డాక్టరు కూడా."
నవ్వాం. గొడ్డలి నోరు రాయికి నూరుకున్నాను.
ఆమె మొలని కొంగుతో తుడిచి
అటు తిప్పింది, ఇటు తిప్పింది.
పేళ్లు పంచుకునేటప్పుడు
అది లెక్కలోకి రాలేదు. నేనడగలేదు.

ఎనిమిది బండ్లు. నాలుగు ఆమెకి, నాలుగు నాకు.
పచ్చివి, శివరాత్రి దాకా ఎండాలి.
గాలాడేట్టు గోడవార అడ్డం నిలువూ పేర్చాను.

ఆ రాత్రి ఎండుచితుకులతో నీళ్లు కాచుకున్నాను.
అరచేతిలో మూడు బొబ్బలు, ఒకటి పగిలింది.
వీపు మీద పోస్తూ పోస్తూ ఆగి
"పెళ్లయిన కొత్తల్లో నీ దగ్గర ఈ వాసనే" అంది మా ఆవిడ.
"అప్పుడు తుమ్మ" అన్నాను.
"నాకు తెలుసులే" అంది.
చెంబు అలాగే పట్టుకుని ఉంది,
ఇంకా వంచలేదు.