కోడీ కుంపటీ లేని ఊళ్లో

మా ఊళ్లో కోడి లేదు.
కుంపటీ లేదు.
బాఫిన్ దీవి పై అంచున, డిసెంబర్లో
తెల్లారడం కూడా లేదు.
ఏడైందని గోడ గడియారం చెబుతుంది,
కిటికీ నమ్మదు.

ఆ వేళకి స్నోమొబైల్ తాడు లాగుతాను.
మూడోసారికి దగ్గుతుంది, ఆరోసారికి లేస్తుంది.
పన్నెండో తరగతీ అంతే.

బడిలో నా ఉద్యోగానికి పొడవాటి పేరుంది,
జీతం కాగితం మీద తప్ప దాన్నెవరూ వాడరు.
పిల్లలకి నేను తలుపుల మియాలిని.
తొడుగు తీసి కొట్టాలి, లేకపోతే చప్పుడు మెత్తబడుతుంది.
తీస్తే, ఐదో తలుపు దగ్గరికి
వేళ్లు నావి కాకుండా పోతాయి.

జేబులో కాగితం. తొమ్మిది పేర్లు.
సెప్టెంబర్లో పద్నాలుగు.
మానేసిన ఐదుగురి మీదా
పెన్సిల్‌తోనే గీత గీశాను.

ఊలూసి ఇంట్లో దీపం ఆరిందే లేదు.
వీపు మీది టోపీలో కొడుకుని వేసుకుని, ఊగుతూ,
ఫ్రిజ్‌కి అంటించిన సమీకరణంతో పోట్లాడుతోంది.
"కూర్చుంటే వీడు లేస్తాడు,
నిలబడితే ఎక్స్ పడుకుంటుంది" అంది.
బిడ్డని నేను తీసుకున్నాను.
ఎక్స్ లేచిందో లేదో అడగలేదు.

తగాలిక్ ఇల్లు రెండు గదులు, పదకొండు మంది.
అక్కడ నిద్ర వంతుల మీద నడుస్తుంది.
వాడి వంతు తెల్లవారుజామున నాలుగుకి వచ్చింది.
ఏడుకి నేను వచ్చాను.
తట్టబోయిన చెయ్యి తట్టలేక కాసేపు అలాగే ఉంది.
తర్వాతి వారం పుస్తకాల గది తాళం వాడి చేతిలో పెట్టాను.
దక్షిణాది నుంచి కొత్తగా వచ్చిన ప్రిన్సిపాల్ అడిగాడు:
"కుర్రాడు బడికొచ్చి పడుకుంటాడేమిటి?"
"ఇంట్లో కుదరని హోంవర్క్ సార్,
ఇక్కడ చేసుకుంటున్నాడు."

మే నెలలో ఇంకో తంటా.
సూర్యుడు గుండ్రంగా తిరుగుతాడే గాని దిగడు,
పిల్లలు అర్ధరాత్రి బంతాడుతుంటారు.
లెక్కల్లో మా అందరికంటే ముందున్న పిట్సియులాక్
తాతతో మంచు అంచుకి వెళ్లి నాలుగు రోజులు.
బానక్ రొట్టె, ఫిజిక్స్ పుస్తకం
ఒకే ప్లాస్టిక్ సంచిలో చుట్టి
రెండు గంటలు మంచు మీద వెళ్లాను.
వేలు పెదవి మీద పెట్టి తాత కూర్చోమన్నాడు.
కూర్చున్నాను. నీళ్లు నల్లగా, కదలకుండా.
చాలాసేపటికి అడిగాడు, గుసగుసగా:
"మీ పరీక్ష ఎంతసేపు?"
"మూడు గంటలు."
"కదలకూడదా?"
"కదలకూడదు."
"మా వాడు ఆరుంటాడు. సీల్ వస్తుందా చివర్లో?"
"సీల్ రాదు తాతా."
మరెందుకు అన్నట్టు నా మొహంలోకి చూశాడు.
నా దగ్గర జవాబు లేదు. రొట్టె విరిచి ఇచ్చాను.
పిల్లాడు మాత్రం తుపాకీ పక్కన పుస్తకం తెరిచాడు,
నా కోసమో, దాని కోసమో.

తొమ్మిదిలో ఆరుగురు గట్టెక్కారు.
ఊలూసికి నాలుగు మార్కులు తక్కువ.
ఫ్రిజ్ మీది కాగితం తియ్యలేదట.
తగాలిక్ తాళం తిరిగిచ్చాడు,
దిండు గలీబు ఉతికి మరీ.

చెప్పని సంగతి ఒకటుంది.
ఊరందరి తలుపులూ తట్టి ఇంటికొస్తే
మా ఇంట్లోనూ ఒక తలుపుంది.
పెన్సిల్ గీతల్లో ఐదోది సైలాది, నా కొడుకుది.
ఆ తలుపు మీద నా చప్పుడు
ఎందుకో తొడుగు వేసుకున్నట్టే వినబడుతుంది.

ఆగస్టు. సూర్యుడు మళ్లీ కుంకడం నేర్చుకుంటున్నాడు.
కొత్త కాగితం రాస్తున్నాను.
పాత దాంట్లో ఐదో గీత చెరిపితే
కాగితం పల్చబడి అవతలి వెలుతురు కనిపించింది.
లేచి వెళ్లి తట్టాను.
ఒకసారి. ఆగి, ఇంకోసారి.
లోపల మంచం కిర్రుమంది.

"ఏం వారం ఇవాళ?" అన్నాడు.