దారప్పోగు మిగలొద్దు

హెస్సాకు పదకొండేండ్లు.
డ్రైవర్ని కారుల్నే కూసోవెట్టి
ఒక్కతే వచ్చింది దుకాణంలకు,
చెప్పుల డబ్బా రెండు చేతుల్ల వట్టుకొని.
అబాయా అంచుకు పూసలు కుడుతున్న నేను
తలెత్తకుండనే అడిగిన: కొత్తదా, ఆల్ట్రేషనా?
"సంచి" అన్నది. "వీడు పండుకునే సంచి."

మూత తీస్తే
టెంకాయ పీచు ముద్దలెక్క ఒకటి,
ఊపిరి తీస్కుంటున్నది.

ఏదుపందా అన్న. మా దిక్కు గుట్టల్ల తిరుగుతయి,
జానెడు జానెడు ముండ్లు.
కాదట. కున్‌ఫుద్ అట. ఇంతకంటె పెరగడట.
పేరు జాతర్.
నాకు జాతర అని వినవడ్డది,
ఎములాడ రథం ఒక్కసారి కండ్లల్ల తిరిగింది.

నోట్‌బుక్ తీసి చదివింది పిల్ల,
కొంచెం అరబ్బీ, కొంచెం హిందీ, మిగిలింది చేతులతోని:
ఫ్లీస్ గుడ్డనే కావాలె. టవలు వద్దు,
టవలు పోగుల్ల గోరు ఇరుక్కుంటది.
పూసలొద్దు, గుండీలొద్దు, కొరికి మింగుతడు.
మూతికి నాడా వద్దు.
అన్నిటికన్న ముఖ్యం,
ఒక్క దారప్పోగు మిగలొద్దు.
మిగిలితే కాలికి సుట్టుకుంటది,
తిరిగిన కొద్దీ బిగుసుకుంటది,
రాత్రి, అందరు పండుకున్నంక.

పందొమ్మిదేండ్ల సంది కుడుతున్న ఈ అజ్మాన్ల.
గిన్ని షరతులు పెండ్లిపిల్ల తల్లి గూడ పెట్టలే.

అడగకున్నా చక్రం ముచ్చట చెప్పింది.
మొదలు కొన్నది ఇనుప కమ్ములదట,
కమ్మికీ కమ్మికీ నడుమ సందు,
సందుల కాలు పడితే ఇరుగుడే.
ఇప్పుడున్నది సందుల్లేని నిండు చక్రం.
రాత్రంత అండ్లనే ఉరుకుతడు,
మైళ్ళకు మైళ్ళు, గోడ పక్కన్నే.
నేను నా మిషిన్ చక్రం దిక్కు జూసి
ఏమనలే.

మర్యాదకు ఖర్జూరం తుంచబోయిన.
"లా! లా!"
చేతి మీద కొట్టినంత పని చేసింది.
అంత తీపి వద్దు. ద్రాక్ష అసలే వద్దు, ఎండుదైనా, పచ్చిదైనా.
ఉల్లిగడ్డ వద్దు, ఎల్లిగడ్డ వద్దు, చాక్లెట్ వద్దు.
మరి పాలు? పాలు అరగయి.
ఆఖరికి నా టిఫిను డబ్బాల దొరికింది ఉడికిన గుడ్డు.
ఉప్పుకారం తగలని పక్క నుంచి
గోరంత తెల్లసొన.

పీచు ముద్ద మెల్లగ విచ్చుకున్నది.
ముందుగాల ముక్కు, మినప గింజంత, తడితడిగ.
నా వేలును వాసన జూసింది.
మిషిన్ నూనె, సుద్ద, నిన్నటి చేపల పులుసు,
అన్నీ జూసి, సరే అనుకున్నదేమో, తిన్నది.

ఇంకింత పెట్టబోతే డబ్బా మూసేసింది హెస్సా.
"అప్పుడప్పుడే. లావైతే
ముడుసుకునుడు రాదు వీనికి.
ముడుసుకునుడు రాకపోతే ఇంకేమున్నది?"

పొయ్యేముందు ఏసీ తగ్గించుమన్నది.
సల్లవడితే నిద్రవోతడట,
ఆ నిద్రల నుంచి లేవకపోవచ్చట.
బయట నలభై ఏడు. తలుపు సందుల నుంచి సెగ.
ఆగస్టుల, అజ్మాన్ల,
చలికి చావొచ్చని నాకెవ్వరు చెప్పలే.

రాత్రి షట్టర్ దించి కుట్టిన.
అంచు లోపలికి మలిచి, మళ్ళ మలిచి, జోడుకుట్టు.
మా తాత మగ్గం మీద పోగు తెగితే
ముడేసి, ఆ ముడిని బొటనేలుతోని తడిమేటోడు.
నా వేళ్ళు సూదులకు కాయలు కాసినయి,
సన్న పోగు తగిలినా తెల్వది.
గందుకే సంచిని తిరగదీసి
పెదవులతోని తడిమిన, మూల మూల.
ఒకటి దొరికింది.
కత్తిరించి, దీపం కింద పెట్టి జూసిన:
ఎంటికంత గూడ లేదు.
నిద్రవట్టలే, ఇంకోటి ఉన్నదేమోనని.

శుక్రవారం కారు మళ్ళ ఆగింది.
హెస్సా దిగింది, చేతుల సంచి.
నా గుండె జారి మిషిన్ కింద పడ్డది.

"ఇంకోటి" అన్నది.
"ఇది ఉతికినప్పుడు వాడెందుల పండాలె?"