కోల్పా ఒడ్డున

పద్నాలుగేళ్ళప్పుడు నా పేరు నక్కపిల్ల.
అసలు పేరు అడక్కూడదు, చెప్పకూడదు.
పట్టుబడితే నీకు మూడే తెలిసుండాలి అన్నాడు కమిసార్:
అమ్మ పేరు, ఆవు పేరు, ఆకలి.

చీటీని మైనపుగుడ్డలో చుట్టి
నా జడలో పెట్టి అల్లేది వదిన.
నీళ్ళు మెడదాకా మాత్రమే వచ్చే చోటొకటుంది,
అక్కడ దిగేదాన్ని.
మార్చి నీళ్ళు
ఒక్కో ఎముకనీ పేరుపెట్టి పిలిచేవి.

అవతలి ఒడ్డున యాండ్రె
గుడ్లగూబలా కూసేవాడు.
బొత్తిగా కుదిరేది కాదు.
అసలు గుడ్లగూబలు నవ్వుకునే ఉంటాయి.
వాళ్ళ భాష వేరు, మా భాష వేరు,
రొట్టెకి మాత్రం ఒకటే మాట, క్రూహ్.
విరిచి ఇచ్చేవాడు.
పెద్ద ముక్క ఎప్పుడూ నాకే.

మేం అడిగింది ఏమంత పెద్దది?
పొలం దున్నేవాడిది కావాలని,
నది ఎవరిదీ కాకూడదని.
గెలిచాక మేమూ
కొన్ని తలుపులు అర్ధరాత్రి తట్టాం.
ఆ సంగతి ఏ మేడే సభలోనూ నేను చెప్పలేదు.
ఇప్పుడు చెబుదామంటే
సంఘంలో మిగిలింది ఐదుగురం,
అందులో ఇద్దరికి వినపడదు.

యాండ్రె సమాధి ఇక్కణ్ణించి కనిపిస్తుంది.
పూలు పెట్టాలంటే మాత్రం
వంతెన దాకా చుట్టూ తిరిగి పోయి
అద్దాల గదిలో అమ్మాయికి పాస్‌పోర్టు చూపాలి.
ప్రయాణానికి కారణం?
రొట్టె బాకీ, అన్నాను పోయినేడు.
ఆ అమ్మాయి 'బంధువులు' అని రాసుకుంది.

ఇవాళ కర్ర పోటేసుకుంటూ రేవులోకి దిగితే
చుట్టలు చుట్టలుగా బ్లేళ్ళ తీగ.
నిన్న దాన్లో చిక్కుకున్న జింక
వెంట్రుకలు ఇంకా ఊగుతున్నాయి.

"ఇటు రాకూడదు బామ్మా," అన్నాడు కాపలా కుర్రాడు.
చేతులకి ఉన్ని తొడుగులు, ముఖాన మొటిమలు.
"ఎవర్ని ఆపడానికి నాయనా ఇదంతా?"
"ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు,
రాత్రిళ్ళు ఈదుకుంటూ."
"రాత్రే ఈదాలి మరి," అన్నాను,
"పగలైతే కాల్చేస్తారు."

వాడికి నవ్వాలో మానాలో తెలియలేదు.
కాసేపాగి, గొంతు తగ్గించి,
నిన్న రాత్రి ఒక ఆడమనిషి
బిడ్డని నెత్తిమీద పెట్టుకుని దాటిందట,
నీళ్ళు ఆమె మెడ దాటలేదట.
"ఈ ఊరిదానివి కదా బామ్మా,
అలాంటి చోటు ఎక్కడుందో తెలుసా?"

నది వైపు చూడకుండా ఉండటం
ఎనభై ఏడేళ్ళ మెడకి తేలిక కాదు.

అమ్మ పేరు మార్యెటా, అన్నాను.
ఆవు పేరు సీవ్‌కా.
మూడోది
నువ్వింకా ఎరగవులే నాయనా.