ఏకగ్రీవం

బ్యాలెట్ పెట్టె ఎక్కడుందో
గవర్నరుపేట ఆఫీసులో ఎవరికీ తెలీదు.
ఢిల్లీ నుంచి మాత్రం కబురొచ్చింది:
జాతీయ అధ్యక్ష పదవికి ఈసారి ఇద్దరు నిలబడ్డారు,
మీ రాష్ట్రం ఓట్లు విజయవాడలోనే,
పెట్టె సిద్ధం చేసుకోండి.

ఇరవై మూడేళ్లుగా ఇక్కడ సభ్యత్వ రసీదులు రాస్తున్నాను.
అధ్యక్షుడు మారినప్పుడల్లా నా పని ఒక్కటే,
స్టూలెక్కి పాత ఫొటో దించి కొత్తది తగిలించడం.
మేకు అదే.
కొత్తాయన ఫ్రేము కాస్త చిన్నదైతే
పాతాయన వదిలిన తెల్లటి చదరం
చుట్టూ అంచులా కనబడేది,
వెళ్తానంటూనే గుమ్మంలో నిలబడ్డ చుట్టంలా.

ఏకగ్రీవం, అని పేపర్లో పడేది.
గ్రీవమంటే మెడ అని
బళ్లో మా తెలుగు మాస్టారు చెప్పిన గుర్తు.
ఇన్ని లక్షల మందికీ కలిపి ఒకటే మెడ.
దండ వెయ్యడానికి సులువు.

పెట్టె చివరికి అటక మీద దొరికింది,
ఎలుకలు కొట్టిన బ్యానర్ల కింద.
తాళం ఉంది, చెవి లేదు.
మే నెల. కరెంటు పోయింది.
బీసెంటు రోడ్డు హారన్లన్నీ
కిటికీ ఎక్కి లోపలికొచ్చి కూర్చున్నాయి.
కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర తాళాలు చేసే మస్తాన్‌వలి వచ్చి
పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు,
కొబ్బరికాయలో నీళ్లున్నాయా అని చూసినట్టు.
"లోపలేదో ఉందమ్మా."
"ఏముంటుంది, బొద్దింకలు,"
అన్నారు కార్యదర్శి పాండురంగం గారు,
కండువాతో విసురుకుంటూ.

ఉన్నది చీటీలు.
నాలుగు మడతలవి, పసుపెక్కినవి.

అప్పుడు గుర్తొచ్చింది.
ఆ ఏడాది కూడా ఇద్దరు నిలబడ్డారు.
పొద్దున్నే వరసలో నించుని ఓట్లేశాం,
అప్పటికి నేనూ ప్రతినిధినే.
పన్నెండున్నరకి ఫోను మోగింది.
ఒకాయన తప్పుకున్నాడట.
పులిహోర పొట్లాలు విప్పాం, టపాకాయలు కాల్చాం,
దండల బేరం నేనే ఆడాను.
పెట్టె తెరవాలని
ఎవరికీ తోచలేదు.
నాకూ.

ఇందులో ఒకటి నాది.
పెన్ను రాయక రెండుసార్లు దిద్దిన టిక్కు.
ఎవరికి వేశానో చెప్పను,
రహస్యం అన్నారు కదా.

"ఇంతకీ ఇందులో ఎవరు గెలిచారమ్మా?"
స్క్రూడ్రైవరు తుడుచుకుంటూ అడిగాడు మస్తాన్.
పాండురంగం గారు ఫ్యాను వంక చూశారు.
ఫ్యాను తిరగడం లేదు.
"దొడ్లో వేసి తగలెట్టండి," అన్నారు కాసేపటికి.
సరేనన్నాను.
రసీదు పుస్తకాల వెనక, చెప్పుల డబ్బాలో పెట్టాను.

మస్తాన్ కొత్త తాళం వేసి రెండు చెవులిచ్చాడు.
ఒకటి కార్యదర్శి గారి జేబులోకి పోయింది.
రెండోదాని సంగతి ఆయన అడగలేదు.
నూట ఎనభైకి రసీదు రాయించుకుని
అది నా చేతిలో పెట్టాడు మస్తాన్.

ఓట్ల రోజు
అందరికంటే ముందు నాంచారమ్మ గారొచ్చింది,
అవనిగడ్డ నుంచి ఫస్టు బస్సుకి,
గొడుగూ మజ్జిగ సీసా పట్టుకుని.
ఓటు చీటీ ఇవ్వబోతే తీసుకోలేదు.
"ముందు ఖాళీ పెట్టె చూపించండి."
"మీకు అనుమానమా పెద్దమ్మా?"
"పిందెలు చూడకుండా వంకాయలైనా కొనను నాయనా."
వెనక ఎవరో నవ్వారు, ఎవరో దగ్గారు.
పాండురంగం గారు జేబులు తడుముకున్నారు.
చొక్కా మార్చుకొచ్చారు. చెవి ఇంటి దగ్గరుంది.

నేను కొంగుముడి విప్పాను.

ఆవిడ పెట్టెని బోర్లించి,
అడుగున అరచేత్తో రెండు దెబ్బలు కొట్టింది.
కాస్త తుప్పు రాలింది.
ఆనక మూలన అతుక్కున్న చీటీ ఒకటి
బల్ల మీద పడింది,
నాలుగు మడతలతో.

వరసలో ఉన్న మెడలన్నీ ముందుకు సాగాయి,
ఒక్కోటీ ఒక్కో వైపు నుంచి.