ఏడో లేన్

ఇరవై రెండేళ్లు జలమండలిలో నీళ్ల బిల్లులు రాశాను.
కిలోలీటర్లు, బకాయిలు, తిరగని మీటర్లు.
నీళ్ల మీద మాత్రం ఒక్కసారీ కూర్చోలేదు.

నలభై ఎనిమిదో ఏట
మోకాలి డాక్టరు "మెట్లు మానండి, ఈత కొట్టండి" అంటే
ఈతకొలను వెతుక్కుంటూ బయల్దేరి
సంజీవయ్య పార్కు దగ్గర దారి తప్పాను.
ఒడ్డున బోర్లించిన పడవలు,
దొండకాయల్లా సన్నగా,
రెండు కొసలా చెక్కినట్టు.

"ఇందులో మనిషి పడతాడా?" అన్నాను.
"పడతారు ఆంటీ, చాలాసార్లు పడతారు" అంది నౌషీన్.
ఇరవై మూడేళ్ల పిల్ల, మెడలో విజిలు.
అది కోచ్ అని తర్వాత తెలిసింది.

మొదటి రోజు తొమ్మిది సార్లు.
హుస్సేన్ సాగర్ రుచి నాకిప్పుడు తెలుసు:
తుప్పు, సబ్బు, నిరుటి నిమజ్జనపు రంగు.
మూడుసార్లు కుంకుడురసంతో రుద్దుకున్నా
ఆఫీసులో సూర్యకళ ముక్కు మూసుకుంది.
"నాలాల పడ్డవా ఏంది?"
"పడలే. దిగిన."

మా ఆయన ప్రభులింగం వద్దనలేదు.
పప్పులో నిమ్మకాయ పిండుకుంటూ
"పోటీ ఎవరితో?" అని మాత్రం అడిగాడు.
జవాబు తోచక
ఉప్పు అందించాను.

"నీళ్లను గుంజకండి" అంటుంది నౌషీన్,
"తెడ్డు నాటండి. నాటి, దాన్ని దాటి పోండి.
తెడ్డు ఆడ్నే ఉంటది. పోయేది మీరు."
బలం చేతుల్లోది కాదట, కాళ్లలోదట.
ఆ సంగతి నాకు పాతదే.
మా అమ్మ కుట్టుమిషను తొక్కుతుంటే చూస్తూ పెరిగాను,
చేతులు గుడ్డకు దారి చూపేవి, అంతే.
జూన్‌లో ఒక పొద్దున
పడవ మొదటిసారి కుట్టు వేసింది
నూటయాభై మీటర్లు, దారం తెగకుండా.

ఒక్కోరోజు సాగరు నడుమ
లోపల పొయ్యి అంటుకుంటుంది,
మెడ నుంచి చెవుల దాకా.
కౌంటర్లో అయితే ఫైలుతో విసురుకుంటూ
ఎవరైనా చూశారేమోనని చూస్తాను.
ఇక్కడ తెడ్డు చిమ్మిన నీళ్లు మొహాన పడతాయి.
చూడ్డానికి కొంగలు తప్ప ఎవరున్నారు?

నవంబరులో పోటీ. ఐదు వందల మీటర్లు.
నలభై అయిదు దాటిన ఆడవాళ్లు ముగ్గురమే తేలామని
ముప్ఫై అయిదు వాళ్లతో కలిపేశారు.
నాది ఏడో లేన్.
ఆరో లేన్‌లో కాకినాడ నుంచి హెడ్ కానిస్టేబుల్.
ఆవిడ భుజాలు చూశాక
నా తెడ్డు జానెడు పొట్టిదైంది.

హారన్.
ట్యాంక్‌బండ్ వైపు నుంచి ఎదురుగాలి.
బుద్ధుడు ఎవరి పక్షమూ వహించలేదు.
లెక్క పెట్టడం ఒక్కటే వచ్చు కనక లెక్క పెట్టాను:
ముప్ఫై రెండు, బకాయి,
ముప్ఫై మూడు, బకాయి,
మూడు వందల మీటర్ల దగ్గర ఊపిరి జప్తు చేశారు.
వెనక ఎక్కడో ధభీమన్న చప్పుడు. తిరగలేదు.
తిరిగితే నేనూ పడతాను,
ఆ పడవలో ఉన్న ఏకైక చట్టం అది.

గీత దాటానని తెలియలేదు.
విజిలు మూడుసార్లు ఊదితే గానీ ఆగలేదు.

మూడు నిమిషాల ఆరు సెకన్లు. ఆరో స్థానం.
ఏడో ఆవిడ బోల్తా పడి
పడవను నెట్టుకుంటూ, నవ్వుతూ, ఈదుకొచ్చింది,
హెడ్ కానిస్టేబుల్!
ఇద్దరం ఒకే టవల్‌తో తల తుడుచుకుని
ఒక ఉస్మానియా బిస్కెట్ విరుచుకున్నాం.

సోమవారం. కౌంటరు.
"మేడం, నీళ్లు రాక ఆరు రోజులైంది."
"ఏరియా?"
"భోలక్‌పూర్."
రాస్తుంటే అరచేతిలో పొక్కు చితికి
రిజిస్టరు మీద చిన్న తడి.
కాగితం దాన్ని పీల్చుకునేలోపే
నా ఎడమ భుజం, నాతో చెప్పకుండా,
కొంచెం ముందుకు తిరిగింది
తర్వాతి తెడ్డు కోసం.